కప్పులో గాలి

ఆదివారం.
బోరా గాలి కిటికీ సందుల్లో ఈల వేస్తోంది.
త్రియెస్తెలో ఈ పూట తెరిచి ఉండేవి
చర్చీలూ, కాఫీ కొట్లూ.
వంటింటి కాటా ఒక్కసారి మిణుక్కుమని
సున్నా కూడా చూపించకుండా కన్ను మూసింది.
బిళ్ళ బ్యాటరీ. రేపటిదాకా దొరకదు.

ఫోన్లో కోడలు లొరెదానా, ఆస్పత్రి డ్యూటీలోంచి:
"ఉడికించకముందు ఎన్ని గ్రాములో చెప్పండి అత్తయ్యా,
దాన్ని బట్టే వాడి సూది."
"ఒక కప్పు" అన్నాను.
అవతల కాసేపు ఏమీ లేదు.
తర్వాత మెల్లిగా,
"కప్పు అంటే లెక్క కాదు కదా అత్తయ్యా."

మా ఆయన రేవులో నలభై ఏళ్ళు తూకందారు.
కాఫీ బస్తా మూల పట్టుకుని కాస్త ఎత్తి చూసి
కాటా ముల్లు కదలకముందే బరువు చెప్పేవాడు.
ఇంట్లో మాత్రం తూకం మాట ఎత్తనిచ్చేదాన్ని కాదు.
ఇక్కడ గుప్పెడు, చారెడు, కంటికి ఆనినంత.
నీలిగీత పింగాణీ కప్పు, చెవి విరిగినది,
దానితోనే ముగ్గురిని పెంచాను.
ఒక్కరూ బక్కచిక్కలేదు.
నిజమే, వాళ్ళ నెత్తురు ఏనాడూ
నన్ను లెక్క అడగలేదు.

ఎల్వియోకి తొమ్మిదేళ్ళు.
వేళ్ళ కొసల నిండా ఆవగింజంత మచ్చలు.
బల్లెక్కి అరలోంచి విప్పని పొట్లం తీశాడు. గవ్వల పాస్తా.
"నోన్నా, ఐదువందలని దీని మీదే రాసుంది.
మొత్తం ఎన్ని కప్పులో చూద్దాం."

ఒకటి పోశాను. అలవాటుగా కప్పుని బల్లకేసి తట్టాను.
గవ్వలు సర్దుకుని కిందికి దిగాయి.
"తట్టకు! తడితే ప్రతిసారీ తట్టాలి, అదే దెబ్బ."
వాళ్ళ తాత గొంతు.
మళ్ళీ మొదటినుంచి.
గిన్నెలు చాలక ఒకటి టోపీలో పోశాం.
ఆరు నిండాయి. ఏడోది అంచుకి వేలెడు తక్కువ.
వాడు గోడ క్యాలెండర్ వెనక భాగహారం చేసి,
కొట్టేసి, మళ్ళీ చేసి,
"డెబ్బైమూడు" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.
సూప్‌లో వేసే చిట్టి గొట్టాల పొట్లం కూడా దించాడు.
అదే కప్పు. అదే అంచు. అదే ఐదువందలు.
నాలుగోసారికి పొట్లం ఖాళీ.

మరోసారి చూశాను, పొట్లం తలకిందులు చేసి దులిపాను.
గవ్వ ఒళ్ళో గాలిని పెట్టుకుని కూర్చుంటుంది,
పక్కదాన్ని దగ్గరికి రానివ్వదు.
ఈ చిట్టివి ఒకదాని సందులో ఒకటి దూరి
పండగరోజు బస్సులా కిక్కిరిసిపోతాయి.
ఇన్నేళ్ళూ నేను వడ్డించిన దాంట్లో
గాలి ఎంతో, గోధుమ ఎంతో!

మొన్న గురువారం చిక్కుడుగింజల సూప్.
కాటా తియ్యడానికి బద్ధకించి
"ఎప్పటంతే, డెబ్బై" అని ఫోన్లో ధీమాగా చెప్పాను.
ఆ రాత్రి వాడి చక్కెర ఎగిరి కూర్చుంది.
నేనే బిస్కెట్ డబ్బా మూత తీసి లెక్కపెట్టాను.
"ఎన్ని తిన్నావో నిజం చెప్పు" అన్నది నేనే.
"తినలేదు" అన్నాడు వాడు, రెండుసార్లు.
మూడోసారి అనలేదు.

ఇప్పుడు కూడా ఏమీ అనలేదు.
క్యాలెండర్ వెనక నూట ఇరవైఐదు అని రాసి
కింద గీత గీశాడు.
గీత కాస్త గట్టిగానే గీశాడు.
"ఎల్వియో, ఆ రోజు బిస్కెట్లు..." అన్నాను.
"నీళ్ళు మరుగుతున్నాయి నోన్నా."

సోమవారం బ్యాటరీ వచ్చింది.
గవ్వలతో అంచుదాకా నింపి, తట్టకుండా,
కాటా మీదికి ఒంపాను.
డెబ్బైనాలుగు.
వాడు ఒక గవ్వ తీసి
నోట్లో వేసుకుని కరకర నమిలాడు.
డెబ్బైమూడు.
"చూశావా" అన్నాడు.

ఆ ఒక్క గవ్వనీ
లొరెదానాకి చెప్పాలా వద్దా అని
ఇద్దరం చాలాసేపు ఆలోచించాం.
చెప్పాం.